పార్టీ ఓడింది, మాట గెలిచింది

ఈ మధ్య మన తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట రాజకీయాల ప్రసక్తి వస్తే, వాదనల కంటే నిట్టూర్పులే ఎక్కువ వినిపిస్తున్నాయి. ఒకప్పుడు విందు భోజనాల దగ్గర డెమోక్రాట్లు గొప్పా, రిపబ్లికన్లు గొప్పా అంటూ సాంబారు చల్లారిపోయేదాకా కొట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు "అందరూ ఒక తాను ముక్కలేనండీ" అని ఒకరంటారు, మిగతావాళ్ళు తలలూపుతారు, సంభాషణ క్రికెట్టు మీదికో, సినిమాల మీదికో మళ్ళుతుంది. ఓటు హక్కు వచ్చిన కొత్తలో ఉత్సాహంగా పోలింగుకి వెళ్ళినవాళ్ళే "ఈసారి వెళ్ళబుద్ధి కావడంలేదు" అంటున్నారు. ముఖ్యంగా పొదుపు, స్వయంకృషి, కుటుంబం, చట్టం అంటే గౌరవం, ప్రభుత్వం హద్దుల్లో ఉండడం వంటి విలువల మీద నమ్మకంతో ఒక పార్టీవైపు మొగ్గినవాళ్ళలో ఈ విసుగు మరీ ఎక్కువగా కనిపిస్తోంది. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, వారిని ఉద్దేశించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అవతలి పక్షం మిత్రులు కూడా చదవవచ్చు. వాళ్ళ నిరాశకీ ఇందులో కొంత మందు దొరకవచ్చు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. "కన్సర్వేటివ్" అనే పదానికి మన భాషలో సరైన మాట కుదరలేదు. పత్రికలవాళ్ళు "మితవాది" అన్నారు. ఇళ్ళల్లో "ఛాందసుడు" అన్నారు. నా ఉద్దేశంలో అది ఈ రెండూ కాదు. మన పల్లెల్లో రైతు ఎంత కరువొచ్చినా, ఇంట్లో గింజలు నిండుకున్నా, విత్తనాలకని విడిగా దాచినదాన్ని మాత్రం వండుకునేవాడు కాదు. అది తనది మాత్రమే కాదని, వచ్చే ఏటి పంటదని అతనికి తెలుసు. నేను నమ్మే సంప్రదాయవాదం అంతే. రాబడికి తగ్గట్టు ఖర్చు పెట్టడం. ఎవరి కష్టఫలం మీద వారికి హక్కు ఉండడం. కుటుంబం, బడి, గుడి, సంఘం చేసుకోగలిగిన పనిని సర్కారు నెత్తిన పెట్టకపోవడం. పాతదాన్ని కూలగొట్టేముందు అది ఎందుకు పుట్టిందో ఆలోచించడం. పాలించేవాడు కూడా చట్టానికి లోబడి ఉండడం. ఇవి ఏ ఒక్క దేశం సొత్తూ కావు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మన పెద్దలు ఏ పార్టీలోనూ చేరకుండానే అన్నారు.

మరి నిరాశ ఎందుకు? కారణాలు లేకపోలేదు. 2001లో ఈ దేశపు ఫెడరల్ అప్పు ఆరు లక్షల కోట్ల డాలర్ల లోపే ఉండేది. 2024 నవంబరు నాటికి అది 36 లక్షల కోట్లు దాటింది. ఈ మధ్యకాలంలో నలుగురు ప్రెసిడెంట్లు పాలించారు, చెరో పార్టీ నుంచి ఇద్దరేసి. అప్పు మాత్రం ఎవరి హయాంలోనూ ఆగలేదు. పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చిన పార్టీ అధికారంలోకి రాగానే దాన్ని అటకెక్కించింది. వ్యయం గురించి మాట్లాడని పార్టీకి ఆ ఇబ్బందే లేదు.

మనవాళ్ళకు ఇంకా దగ్గరి గాయం గ్రీన్ కార్డుది. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి 1990 చట్టం నుంచి ఉంది. దేశం చిన్నదైనా పెద్దదైనా ఒకటే లెక్క. దాన్ని సడలించే బిల్లును 2019 జులైలో హౌస్ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తన సొంత రూపంలో ఏకగ్రీవంగా ఆమోదించింది. రెంటినీ కలిపి ఒక్క చట్టంగా చేసే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు. అందరూ ఒప్పుకున్న పని కూడా జరగకపోవడం కంటే నిరాశ ఏముంటుంది? 2025 సెప్టెంబరులో, విదేశం నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన వెలువడింది. చట్టప్రకారం వరుసలో నిలబడడం గొప్ప విలువ అని నమ్మి, ఆ మాట చెప్పిన పార్టీకి ఓటేసినవాళ్ళు మన సంఘంలో ఎంతోమంది ఉన్నారు. ఆ రోజు వాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ నిరాశ కొత్తది కాదు. మన తెలుగునేల మీదే ఇంతకంటే గట్టి దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నారు. ఈ తరం పిల్లలకు బహుశా పేరు కూడా తెలియని ఆ పార్టీ కథ ఒకసారి చెప్పుకుందాం. అదే స్వతంత్ర పార్టీ.

1959 జనవరిలో నాగపూరులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం దేశానికి మార్గమని తీర్మానించింది. పొలం గట్లు చెరిపి, అందరి భూమీ కలిపి సేద్యం చేయాలన్నది దాని సారాంశం. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, జీవితమంతా రైతుల కోసం పనిచేసిన ఆచార్య ఎన్.జి. రంగాగారికి అది మింగుడుపడలేదు. తన పొలం తనది కాదన్న రోజున రైతు కూలీగా మారతాడని ఆయన వాదించారు. కాంగ్రెసును వదిలి బయటికి వచ్చారు. అదే సమయంలో మద్రాసులో రాజాజీ, బొంబాయిలో మినూ మసానీ ఇదే దారిలో ఆలోచిస్తున్నారు. 1959 జూన్‌లో మద్రాసులో పార్టీని ప్రకటించారు. రంగాగారు అధ్యక్షులయ్యారు. దేశానికి గవర్నర్ జనరల్‌గా పనిచేసిన రాజాజీకి అప్పటికి ఎనభై ఏళ్ళు. మనవాళ్ళు అరవై దాటగానే "ఇంకేం చేస్తాంలే" అంటారు. ఆయన ఎనభయ్యో ఏట కొత్త పార్టీ పెట్టారు!

పర్మిట్–లైసెన్స్–కోటా రాజ్యం అన్న మాటను దేశానికి అలవాటు చేసింది ఆయనే. సిమెంటుకు పర్మిట్, ఫ్యాక్టరీకి లైసెన్సు, దిగుమతికి కోటా. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ యజమాని ఎంత సరుకు తయారు చేయాలో కూడా ఢిల్లీయే చెప్పేది. స్కూటరు బుక్ చేసుకుంటే చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. చేతిలో ఎనిమిది డాలర్లతో ఈ దేశంలో దిగామని చెప్పే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. అది వాళ్ళ పేదరికానికి గుర్తు మాత్రమే కాదు, విదేశీ మారకద్రవ్యం మీద అప్పట్లో ఉన్న ఆంక్షల ఫలితం కూడా.

స్వతంత్ర పార్టీలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పార్టీ ఇరవయ్యొక్క మూలసూత్రాలు ప్రకటించి, వాటికి సంబంధించని విషయాల్లో సభ్యులు ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోవచ్చునని, ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు నడుచుకోవచ్చునని రాసుకుంది. నాయకుడు తుమ్మితే చిరంజీవ అనే కార్యకర్తలు మాత్రమే మిగిలిన ఈ కాలంలో, ఆ నిబంధన చదివితే ఆశ్చర్యం కలుగుతుంది.

నక్షత్రం గుర్తు మీద పోటీ చేసిన ఆ పార్టీకి 1962లో లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. 1967లో 44 వచ్చి ప్రతిపక్షాల్లో అతిపెద్దదైంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోనూ 29 స్థానాలతో కాంగ్రెసు తర్వాతి స్థానంలో నిలిచింది. అది రాజుల పార్టీ, జమీందార్ల పార్టీ అన్న విమర్శ ఉండేది. ఉత్తరాదిన ఆ విమర్శలో నిజం లేకపోలేదు కూడా. కానీ మన రాష్ట్రంలో దాని ముందువరుసలో నిలబడింది రైతు బిడ్డ రంగాగారు, గీత కార్మికుల కోసం పోరాడిన శ్రీకాకుళం నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్నగారు.

ఆ తర్వాత పతనం. 1971లో 44 కాస్తా 8 అయింది. 1972 క్రిస్మస్ రోజున రాజాజీ కన్నుమూశారు. రంగాగారు తిరిగి కాంగ్రెసులోకి వెళ్ళిపోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయి, పేరు కూడా లేకుండా పోయింది.

అసలైన వ్యంగ్యం ఇంకా ఉంది. ఆ లోక్‌దళ్ జనతా పార్టీలో కలిసి 1977లో ఢిల్లీలో అధికారంలోకి వచ్చింది. ఒకప్పుడు గుజరాత్‌లో స్వతంత్ర పార్టీ నాయకుడైన హెచ్.ఎం. పటేల్ ఆర్థికమంత్రి అయ్యారు. ఇక మన రోజులు వచ్చాయని పాత స్వతంత్రవాదులు సంబరపడి ఉండాలి. ఆ ప్రభుత్వమే 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేసి, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తొలగించింది! ఆ సవరణలో ఎమర్జెన్సీ దురాగతాలు మళ్ళీ జరగకుండా పెట్టిన మంచి అంశాలు చాలా ఉన్నాయి. కానీ ఏ హక్కు కోసం పార్టీ పుట్టిందో, ఆ హక్కు తమవాళ్ళ ప్రభుత్వంలోనే ప్రాథమిక హోదా పోగొట్టుకుంది. ఈ రోజు మన పార్టీ మనకు ద్రోహం చేసిందని బాధపడేవాళ్ళు, 1978లో ఒక ముసలి స్వతంత్రవాది నిడుబ్రోలులోనో, టెక్కలిలోనో పేపరు చదువుతూ ఏమనుకుని ఉంటాడో ఒక్కసారి ఊహించండి.

కథ అక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు. 1991 వేసవిలో దేశం దివాలా అంచుకు చేరింది. రెండు, మూడు వారాల దిగుమతులకు మించి విదేశీ నిల్వలు లేవు. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తాకట్టు కోసం తరలిపోయింది. ఆ జులై 24న, ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానాన్ని పార్లమెంటు ముందు పెట్టింది. పద్దెనిమిది పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సులు అక్కర్లేదన్నది. అదే రోజు డాక్టర్ మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. పరిశ్రమల శాఖ అప్పుడు పి.వి.గారి చేతిలోనే ఉంది. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణలకు పట్టుబట్టిన మనిషి, స్వతంత్ర పార్టీ ఏ కాంగ్రెసు మీద పోరాడిందో ఆ కాంగ్రెసు నాయకుడు, పర్మిట్ రాజ్యం వెన్ను విరిచాడు. ఆ పని చేసింది ఒక తెలుగువాడు కావడం మనకు కొసరు ఆనందం. రాజాజీ ఆ రోజు చూడలేదు. 1995లో మరణించిన రంగాగారు చూశారు.

"అది సిద్ధాంతం కాదండీ, గతిలేక చేశారు" అని మిత్రులు అంటారు. నిజమే. గతిలేకే చేశారు. కానీ గతిలేనప్పుడు ఏం చేయాలో ఎవరో ముందే ఆలోచించి పెట్టి ఉండాలి కదా! ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం కుదరదు. ముప్పై ఏళ్ళపాటు నవ్వులపాలవుతూ, ఎన్నికలు ఓడుతూ, చిన్నపాటి పత్రికల్లో రాస్తూ కొందరు ఆ బావి తవ్వి ఉంచారు. తర్వాత హైదరాబాదులో 1998లో హైటెక్ సిటీ తలుపులు తెరిచింది. సాఫ్ట్‌వేర్ చదువుకున్న మన పిల్లలు వేలాదిగా ఈ దేశానికి వచ్చారు. వాళ్ళలో ఎంతమందికి ఆ బావి తవ్వినవాళ్ళ పేర్లు తెలుసు?

ఇంకొక ఉదాహరణ కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా, ఆపై సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన తెలుగు పెద్ద. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు నిలిచిన తీర్పులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తీసివేయజాలదని చెప్పారు. వెంటనే పదవి వదిలి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసి డాక్టర్ జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. 1973లో కేశవానంద భారతి కేసులో ఆయన తీర్పునూ పక్కనపెట్టారు. రెండు విధాలా ఓటమే. అయితే అదే కేసులో, రాజ్యాంగపు మూలస్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. పాలకుడి చేతికి హద్దు ఉండాలన్న ఆయన ఆలోచన వేరే రూపంలో నిలిచింది. ఈనాటికీ నిలిచే ఉంది.

మనం నివసించే ఈ దేశంలోనూ ఇదే తంతు. 1964లో బారీ గోల్డ్‌వాటర్ యాభై రాష్ట్రాల్లో ఆరే గెలిచారు. చిన్న ప్రభుత్వం అన్న మాటకు ఇక కాలం చెల్లిందని పత్రికలన్నీ రాశాయి. పదహారేళ్ళ తర్వాత రీగన్ అదే మాటతో 44 రాష్ట్రాలు గెలిచారు. గెలిచాక ఏమైంది? ఆయన ఎనిమిదేళ్ళలో అప్పు దాదాపు మూడింతలైంది. మరి ఖర్చుకు కళ్ళెం ఎప్పుడు పడింది? 1998 నుంచి 2001 దాకా నాలుగేళ్ళు వరసగా బడ్జెట్‌లో మిగులు కనిపించింది. ఆ మిగులు మొదలైంది డెమోక్రాట్ ప్రెసిడెంట్ క్లింటన్, రిపబ్లికన్ కాంగ్రెస్ ఒకరి చెయ్యి ఒకరు పట్టి ఆపిన రోజుల్లో. పని చేయగలవాడికి సంక్షేమం శాశ్వతం కాకూడదన్న 1996 చట్టం మీద సంతకం చేసింది కూడా ఆయనే. అంటే సూత్రం ఎప్పుడు, ఎవరి చేతిమీదుగా నెరవేరుతుందో ముందుగా చెప్పలేం. ఒక్కోసారి మనం ఓడించాలనుకున్నవాడి చేతిమీదుగానే నెరవేరుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. లేకపోతే ఈ వ్యాసం ఒంటికాలి నడక అవుతుంది. దాచుకున్నదంతా విత్తనం కాదు. అందులో తాలు కూడా ఉంటుంది. గోల్డ్‌వాటర్ 1964 పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన గెలిచిన ఆరు రాష్ట్రాల్లో ఐదు దక్షిణాదివే కావడానికి అదే ముఖ్య కారణం. ఆ చట్టమూ, దాని వెంటే వచ్చిన 1965 వలస చట్టమూ లేకపోతే మనం ఈ సంచిక ఇక్కడ అచ్చువేసుకునేవాళ్ళమే కాదు. మన ఊళ్ళలోనూ సంప్రదాయం పేరిట కులాల కట్టుబాట్లు, అంటరానితనం తరాల తరబడి కాపాడుకొచ్చారు. ఆస్తి హక్కు పవిత్రమన్నవాళ్ళలో చాలామంది, అసలు సెంటు భూమి లేని కౌలుదారు గురించి, కూలీ గురించి మాట్లాడలేదు. సొంత ఆస్తి మనిషిని స్వతంత్రుణ్ణి చేస్తుందన్నది నిజమైతే, అది అందరి చేతికీ అందాలని కోరుకోవడమే ఆ సూత్రానికి న్యాయం. రైతు విత్తనాలు దాచేముందు తూర్పారబడతాడు. సంప్రదాయవాది కూడా తన తరంలో ఒకసారి తూర్పారబట్టాలి. ఆ పని చేయనివాళ్ళను చూసే మన పిల్లలు ఈ మాటలంటేనే దూరం జరుగుతున్నారు.

సరే, ఈ రోజు మనం చేయగలిగింది ఏమిటి? మొదటిది, ఆశను మనిషి మీద పెట్టకుండా మాట మీద పెట్టడం. నాయకుడు మన దేవుడైతే అతని తప్పులకు మనం వకీళ్ళం అవుతాం. మన పక్షంవాడు అప్పు చేసినా అప్పే, అవతలివాడు చేసినా అప్పే. ఆ మాట మనవాడి ముఖం మీదే అనగలిగినప్పుడు మన సిద్ధాంతానికి విలువ.

రెండవది, దగ్గరి పనులు. వాషింగ్టన్ మన మాట వినకపోవచ్చు. కౌంటీ కమిషను, స్కూల్ బోర్డు వింటాయి. ఇంటిపన్ను ఎలా ఖర్చవుతోందో అడగడానికి ఒక సాయంకాలం చాలు. ఆ సమావేశాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ ఓటు లేనివాళ్ళకు కూడా అక్కడ మాట్లాడే అవకాశం చాలాచోట్ల ఉంటుంది.

మూడవది, మన సొంత సంస్థలు. 1970లలో పిట్స్‌బర్గులో వేంకటేశ్వరస్వామి ఆలయం వెలిసింది. అప్పటికి ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది? తిరుమల తిరుపతి దేవస్థానం సహకారం, భక్తుల చందాలు, ఇంజనీర్లు, డాక్టర్లు వారాంతాల్లో పడిన శ్రమ దాన్ని నిలబెట్టాయి. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన మనబడిలో వేలాది పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారంటే, పాఠాలు చెప్పే తల్లిదండ్రులు జీతం అడగకపోవడమే కారణం. 1977లో తానా, 1990లో ఆటా పుట్టాయి. సర్కారు చేయనవసరంలేని పనిని మనుషులు కలిసి చేసుకోగలరన్న మాటకు ఇవే రుజువులు. అదే నోటితో ఇంకొకటి చెప్పాలి. మన సంఘాల లెక్కలు సభ్యులకు సకాలంలో చూపించలేనప్పుడు, ఎన్నికలు వచ్చేసరికి కులం లెక్కలు వేసుకున్నప్పుడు, ఫెడరల్ ప్రభుత్వం దుబారా గురించి మాట్లాడే అర్హత మనకు కొంత తగ్గుతుంది. చిన్న ప్రభుత్వం కావాలన్నవాడు ముందు చిన్న సంఘాన్ని నీతిగా నడిపి చూపాలి.

నాలుగవది, పిల్లలతో మాట్లాడడం. వాళ్ళు మనతో ఏకీభవించనక్కర్లేదు. మా ఇంట్లో అయితే ఏకీభవించరు కూడా. కానీ నేను ఫలానా వాళ్ళకి ఓటేశానని చెప్పడం వేరు, ఫలానా విలువ కోసం ఓటేశానని చెప్పడం వేరు. మొదటిది వాళ్ళకు గుర్తుండదు. రెండవది ఏదో ఒకనాడు, వాళ్ళు తమ మొదటి ఇల్లు కొనేటప్పుడో, పిల్లల్ని పెంచేటప్పుడో, అక్కరకొస్తుంది.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని ఆసక్తిగా వింటాం. అవమానం అంకె పెద్దదిగా ఉందని ఆ ఏడు సేద్యం మానుకున్న రైతును నేను చూడలేదు. స్వతంత్ర పార్టీకి రాజపూజ్యం తక్కువే దక్కింది, అవమానం బోలెడు. అయినా వాళ్ళు దాచిన గింజ మొలిచింది. పొలం వేరొకరిది కావచ్చు, పంట మాత్రం దేశమంతా తిన్నది. మన వంతు విత్తనాన్ని మనం తూర్పారబట్టి, జాగ్రత్తగా దాచి, వచ్చేవాళ్ళ చేతిలో పెడదాం. వాన ఏ సంవత్సరం పడుతుందో ఆలోచించడం మన పని కాదు.